నగర కళలో పౌరుల భాగస్వామ్యం

మన దేశంలో ఏ నగరానికి వెళ్ళినా నాలుగు రోడ్ల కూడలిలో ఒక విగ్రహమో, ఉద్యానవన ద్వారం వద్ద ఒక శిల్పమో, రైలుస్టేషను గోడ మీద ఒక చిత్రమో కనబడుతుంది. చిత్రశాలలోని కళాఖండాన్ని చూడదలచినవారు తమంత తాము లోపలికి పోతారు. నచ్చకపోతే బయటికి వస్తారు. కూడలిలోని శిల్పం విషయంలో ఆ వెసులుబాటు లేదు. పాలకు వెళ్ళే గృహిణి, బడికి పోయే బాలుడు, తోపుడుబండి మీద కూరలు అమ్ముకునే వృద్ధుడు, కచేరీకి పరుగెత్తే గుమస్తా, అందరూ ప్రతిదినం దాని ముందు నుంచే నడవాలి. దానికైన వ్యయం కూడా చాలాచోట్ల వారు చెల్లించిన పన్నుల నుండి వచ్చినదే. అయినప్పటికీ దానిని ఎక్కడ నెలకొల్పాలి, ఏ రూపంలో నెలకొల్పాలి, ఎవరిచేత చేయించాలి అని వారిని అడిగే సందర్భాలు అరుదు. ఆవిష్కరణోత్సవానికి ఆహ్వానం అందినప్పుడే ఆ వాడవారికి విషయం తెలుస్తుంది.

ఈ లోపం చిన్నదిగా కనిపించవచ్చు. కాని బహుభాషలు, బహుమతాలు, బహుప్రాంతాల ప్రజలు ఒకేచోట నివసించే నగరాలలో ఇది చాలా దూరం పోతుంది. నగరంలోని శిల్పాలలో, చిత్రాలలో తమ ముఖం, తమ శ్రమ, తమ చరిత్ర ఎక్కడా కానరాని వర్గం, తాను ఆ నగరంలో అతిథినని భావిస్తుంది. తనదనుకున్న దానిని మనిషి కాపాడుకుంటాడు. పరాయిదనుకున్న దానిని ఉపేక్షిస్తాడు. తనను అవమానించడానికే నిలిపినదని నమ్మినప్పుడు దానిపై చేయి కూడా చేసుకుంటాడు. నగర కళను గూర్చి యోచించవలసిన ప్రతి పురపాలక సంఘమూ ఈ మూడు దశలను గుర్తుంచుకోవాలి.

హుస్సేన్‌సాగర్ గట్టు

ఇందుకు దూరపు ఉదాహరణ అవసరం లేదు. హైదరాబాదు, సికింద్రాబాదులను కలిపే హుస్సేన్‌సాగర్ గట్టు మీద 1980 దశకం మధ్యలో, నందమూరి తారకరామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ముప్పైకి పైగా కాంస్య విగ్రహాలను వరుసగా ప్రతిష్ఠించారు. నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, వేమన, మొల్ల, అన్నమాచార్యులు, త్యాగయ్య, శ్రీకృష్ణదేవరాయలు, రాణి రుద్రమ, వీరేశలింగం, గురజాడ, శ్రీశ్రీ, జాషువా, మఖ్దూం మొహియుద్దీన్ మొదలైనవారు ఆ వరుసలో నిలిచారు. తెలుగుజాతి సాంస్కృతిక చరిత్రను బాటసారి నడుస్తూ నడుస్తూ చదువుకోవాలన్నది అందులోని ఉద్దేశం. ఉద్దేశం ఉన్నతమైనదే. లక్షలాది ప్రజలు సాయంకాలం అక్కడ విహరించి, పిల్లలకు ఆ మహనీయుల పేర్లు చెప్పి ఆనందించారు.

అయితే ఆ జాబితాను తయారుచేసినది ప్రభుత్వం. తెలంగాణ ప్రాంతపు కవులకు, వీరులకు అందులో తగిన స్థానం లభించలేదన్న బాధ ఆ ప్రాంతంలో చాలాకాలం ఉన్నది. ఆ బాధను వెల్లడించడానికి, సవరణ కోరడానికి నియతమైన వేదిక ఏదీ లేకపోయింది. 2011 మార్చి 10న ప్రత్యేక రాష్ట్రోద్యమంలో భాగంగా జరిగిన మిలియన్ మార్చ్ సందర్భంగా ఆ గట్టుపైని పలు విగ్రహాలు ధ్వంసమైనాయి. శ్రీశ్రీ, జాషువాల వంటి కవుల విగ్రహాలు కూడా నేలకూలాయి. జీవితమంతా పీడితుల పక్షాన పలికిన కవుల విగ్రహాలు అలా కూలడం చూసి తెలుగునాట అన్ని ప్రాంతాలలోనూ ఎందరో దుఃఖించారు. తరువాత దెబ్బతిన్న విగ్రహాలను ప్రభుత్వం తిరిగి నెలకొల్పింది. అనంతరకాలంలో ఆదివాసీ వీరుడు కొమరం భీం విగ్రహం కూడా గట్టుపై చోటు చేసుకున్నది.

విగ్రహ విధ్వంసాన్ని ఎవరూ సమర్థించలేరు. కాని ఆనాటి ఆగ్రహానికి కారణాలలో ఒకటి పాతికేళ్ళ క్రితమే జాబితా తయారైన గదిలో ఉన్నదని గ్రహించకపోతే, ఆ సంఘటన నుండి మనం నేర్చుకున్నది ఏమీ ఉండదు. జాబితా ప్రకటనకు ముందు ఆరుమాసాలపాటు జిల్లా జిల్లాలో, విద్యాలయాలలో, గ్రంథాలయాలలో చర్చ జరిగి ఉంటే పేర్లు కొన్ని మారి ఉండేవి. మారకపోయినా, మారకపోవడానికి కారణం అందరికీ తెలిసి ఉండేది.

ప్రణాళికలో లేని తోట

హైదరాబాదులో ప్రభుత్వం నిలిపినదానిని ప్రజలలో ఒక భాగం తనదిగా భావించలేకపోయింది. ఇందుకు సరిగా ఎదురుగా నిలిచే అనుభవం చండీగఢ్ నగరానిది. అక్కడ ప్రభుత్వ ప్రణాళికలో లేనిదానిని ప్రజలు తమదిగా స్వీకరించారు.

దేశ విభజనలో లాహోరు పాకిస్తానుకు పోగా, భారత పంజాబుకు నూతన రాజధాని అవసరమైంది. 1951 నుండి ఫ్రెంచి వాస్తుశిల్పి లె కార్బుజియే ఆ నగర నిర్మాణ ప్రణాళికను రూపొందించాడు. ప్రతి వీథీ, ప్రతి వృక్షమూ కాగితంపై ముందుగా నిర్ణయమైన నగరమది. నగరంలో గాని, ఉద్యానవనాలలో గాని వ్యక్తుల విగ్రహాలు నిలపరాదని కూడా ఆయన తన శాసనపత్రంలో పేర్కొన్నాడు. నగరానికి చిహ్నంగా ఆయన ఊహించినది ఒక ‘తెరచిన హస్తం’. ఇచ్చిపుచ్చుకొనడానికి, శాంతికి అది సంకేతం. దాని పాదమూలంలో పౌరులు కూర్చుండి ప్రజావిషయాలు చర్చించుకొనడానికి పల్లపు ప్రాంగణాన్ని కూడా ఆయన భావించాడు. 1965లో ఆయన మరణించాడు. ఆ హస్తం 1985లో, 26 మీటర్ల ఎత్తున, గాలివాలుకు తిరిగేటట్లుగా నిర్మితమైంది. కాని శాసనసభ, సచివాలయం, ఉన్నత న్యాయస్థానం ఉన్న ప్రాంతం కావడం వల్ల భద్రతా కారణాలతో చాలాకాలం సామాన్యులు అనుమతి లేకుండా దాని దాపునకు పోలేకపోయారు. పౌరుల చర్చకోసం ఉద్దేశించిన ప్రాంగణం పౌరులు లేకుండానే ఉండిపోయింది.

ఆ హస్తం కాగితం మీద ఉన్న కాలంలోనే, అక్కడికి కొద్ది దూరంలో, సుఖనా సరస్సు సమీపాన ఉన్న అడవిలో మరొక నిర్మాణం ఎవరికీ తెలియకుండా సాగుతున్నది. నేక్‌చంద్ అనే వ్యక్తి ప్రజాపనుల శాఖలో రోడ్ల ఇన్‌స్పెక్టరు. 1924లో, నేడు పాకిస్తానులో ఉన్న ఒక గ్రామంలో జన్మించి, విభజన కాలంలో ఇటు వలసవచ్చిన లక్షలాది కాందిశీకులలో ఒకడు. నూతన నగర నిర్మాణంకోసం తొలగించిన పల్లెల శిథిలాలలో పగిలిన కుండలు, గాజులు, పింగాణీ పలకలు, సైకిలు భాగాలు, కాలిపోయిన ఇటుకలు ఆయన కంటబడ్డాయి. వాటిని సైకిలుపై మోసుకుపోయి, వాగులలోని వింత రూపాల రాళ్ళతో చేర్చి, మనుషులను, పశువులను, పక్షులను, జలపాతాలను, ఒక చిన్న రాజ్యాన్నే సృష్టించడం 1950 దశకం చివరి నుండి ఆరంభించాడు. ఉద్యోగ సమయం ముగిసిన తరువాత, రాత్రివేళ ఆ పని జరిగేది. ఆ అడవిలో ఏ నిర్మాణమూ చేయరాదు. కనుక ఆయన కట్టినదంతా చట్టరీత్యా ఆక్రమణే.

1970 దశకం తొలినాళ్ళలో అధికారులు దానిని కనుగొన్నారు. అప్పటికి అది ఎకరాల మేర విస్తరించి ఉన్నది. నిబంధనల ప్రకారం కూల్చివేయవలసినదే. కాని వార్త పొక్కగానే ప్రజలు గుంపులుగా వచ్చి చూశారు, మెచ్చుకున్నారు. ప్రజాభిప్రాయాన్ని గమనించిన పాలకవర్గం 1976లో దానిని ‘రాక్ గార్డెన్’ పేరుతో ప్రజాదర్శనానికి తెరిచింది. నేక్‌చంద్‌ను ఆ పనికే నియమించి, కూలీలను ఇచ్చింది. పగిలిన వస్తువులు సేకరించే కేంద్రాలను నగరంలో ఏర్పరచింది. అంతటితో పౌరుల పాత్ర ప్రేక్షకత్వం దాటింది. ఇంట్లో పగిలిన టీ కప్పు, కొట్టుడుపోయిన వాష్‌బేసిను ఆ తోటలో ఏ నెమలిగానో, ఏ నర్తకిగానో మారుతుందని తెలిసిన గృహిణికి ఆ తోటలో భాగస్వామ్యం లభించింది. 1984లో నేక్‌చంద్‌కు పద్మశ్రీ పురస్కారం వచ్చింది.

కథ అక్కడితో ముగియలేదు. 1990 ప్రాంతంలో తోటలో కొంతభాగం తొలగించి రహదారి వేయడానికి యంత్రాలు వచ్చినప్పుడు నగరవాసులు మానవహారంగా నిలబడి అడ్డుకున్నారు. 1996లో నేక్‌చంద్ విదేశాలలో ఉన్న సమయంలో సిబ్బంది తగ్గి, దుండగులు శిల్పాలను ధ్వంసం చేసినప్పుడు పౌరులు సంఘంగా ఏర్పడి తోట సంరక్షణకు పూనుకున్నారు. 2015లో ఆ కళాకారుడు కన్నుమూశాడు. 2025లో సమీప రహదారి విస్తరణ నిమిత్తం తోట గోడ కొంతభాగాన్ని తొలగించినప్పుడు కూడా నగరవాసులు నిరసన తెలిపారు. పోలీసు పహరాతో కాపాడలేనిదానిని పౌరుల మమకారం ఎంతవరకు కాపాడగలదో, ఎక్కడ కాపాడలేకపోతుందో కూడా ఈ చరిత్ర చెబుతున్నది. మమకారం ఉంటే చాలదు; నిర్ణయం జరిగే చోట పౌరులకు ముందుగానే స్థానం ఉండాలి. యంత్రం వచ్చిన తరువాత హారం కట్టడం ఆఖరి ఉపాయం.

వాడవాడలా సంప్రదాయం

ప్రజలు కలిసి కళను నిర్ణయించుకోవడం మన దేశానికి కొత్త కాదు. వంగదేశంలోని దుర్గోత్సవాలు ఇందుకు ప్రబల తార్కాణం. ఒకప్పుడు జమీందారుల లోగిళ్ళకే పరిమితమైన పూజను, హుగ్లీ జిల్లా గుప్తిపాడాలో పన్నెండుగురు మిత్రులు చందాలు వేసుకుని 1790లో జరిపారని, అందువల్లనే ‘బారోయారీ’ అన్న పేరు ఏర్పడిందని అక్కడివారు చెబుతారు. ‘బారో’ అనగా పన్నెండు. ‘యార్’ అనగా మిత్రుడు. క్రమంగా అది సార్వజనిక పూజగా మారి, కలకత్తా నగరంలోని ప్రతి ‘పాడా’కూ, అనగా ప్రతి పేటకూ, విస్తరించింది.

ఈ వ్యవస్థ పనిచేసే తీరు గమనార్హమైనది. పండుగకు అనేక మాసాల ముందే పేట సంఘం సమావేశమై గత సంవత్సరపు లెక్కలు చూస్తుంది. ఈ ఏడు ఎంత చందా వసూలు కాగలదో అంచనా వేస్తుంది. పందిరికి ఏ ఇతివృత్తం తీసుకోవాలో, ఏ కళాకారునికి అప్పగించాలో చర్చిస్తుంది. కుమారటులీలోని మట్టిపనివారు, వెదురు కట్టేవారు, షోలా బెండుతో అలంకారాలు చేసేవారు, దీపాల పనివారు అందులో పాల్గొంటారు. చందా ఇచ్చిన ప్రతివాడూ విమర్శించే హక్కు కలవాడే. పూజ కొన్ని దినాలే ఉంటుంది. ప్రతిమ నదిలో నిమజ్జనమవుతుంది. నచ్చనిదేదైనా ఉంటే మరుసటి ఏడు దిద్దుకోవచ్చు. 2021లో యునెస్కో సంస్థ కలకత్తా దుర్గాపూజను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ సామూహిక స్వభావాన్నే గుర్తించింది. హైదరాబాదులో 1954 నుండి ఖైరతాబాదు వాసులు జరుపుకుంటున్న గణేశోత్సవం, మన పల్లెల్లోని జాతరలు, తీర్థాలు సైతం ఈ కోవకు చెందినవే.

ఉత్సవకళకూ శాశ్వత శిల్పానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఉత్సవంలో పొరపాటుకు ఆయుష్షు అయిదురోజులు. కూడలిలో పొరపాటుకు ఆయుష్షు అయిదు తరాలు. కనుక శాశ్వతంగా నిలిపేదానికి ఉత్సవానికి జరిగే చర్చకన్న ఎక్కువ చర్చ జరగాలి. ఆచరణలో అందుకు విరుద్ధంగా జరుగుతున్నది. పదిరోజుల పందిరికి పేటంతా కూర్చుని మాట్లాడుకుంటుంది. వందేళ్ళ విగ్రహం మాత్రం ఒక కార్యాలయంలో, ఒక సంతకంతో తేలిపోతున్నది.

కళాకారుని స్వేచ్ఛ

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా ఉదయిస్తుంది. ప్రజలను అడిగి కళను సృష్టించడం సాధ్యమా? పదిమందినీ తృప్తిపరచబోతే కళాకారుని ఊహ మొద్దుబారిపోదా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసిపుచ్చరాదు.

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ భవనాలలో భారతీయ కళాకారులకు అవకాశం కల్పించాలన్న ఆశయంతో ఢిల్లీలోని రిజర్వు బ్యాంకు భవన ద్వారం వద్ద యక్ష, యక్షిణి శిల్పాలను శాంతినికేతన శిల్పి రామ్‌కింకర్ బైజ్ చేత చేయించారు. 1960 దశకంలో ఆ పని ముగిసింది. యక్షిణి నగ్నతను గూర్చి పార్లమెంటులో సైతం ప్రశ్న వచ్చింది. నేడు అవి ఆధునిక భారతీయ శిల్పకళలో ప్రముఖ స్థానం పొందాయి. కేరళలోని మలంపుళ ఆనకట్ట ఉద్యానవనంలో కానాయి కుంజిరామన్ 1969లో నిర్మించిన బ్రహ్మాండమైన యక్షి విగ్రహాన్ని తొలుత అనేకులు అశ్లీలమని నిరసించారు. ఇప్పుడు దానిని చూడడానికే యాత్రికులు అక్కడికి వస్తున్నారు. 2019లో దాని స్వర్ణోత్సవం జరుపుకున్నారు. ఓట్లు లెక్కపెట్టి తీర్మానించి ఉంటే ఈ శిల్పాలు పుట్టేవే కావు.

అందుచేత భాగస్వామ్యం అంటే కళాకారుని ఉలిని పదిమంది పట్టుకోవడం అని అర్థం చేసుకోరాదు. ఏ స్థలంలో పని జరగాలి, అక్కడ ఎవరు తిరుగుతారు, ఆ స్థలానికి ఏ జ్ఞాపకం ఉన్నది, ఎంత ధనం వెచ్చించవచ్చు, ఎవరిని ఎంపిక చేయాలి, తరువాత ఎవరు కాపాడాలి అన్న ప్రశ్నలు పౌరులవి. రూపం, పదార్థం, రేఖ, వర్ణం కళాకారునివి. ఇల్లు కట్టించుకునేవాడు తన కుటుంబంలో ఎందరున్నారో, వంటగది ఎటు ఉండాలో తాపీమేస్త్రికి చెబుతాడు. తాపీ ఎలా పట్టుకోవాలో చెప్పడు. ఈ హద్దు ఉభయులకూ తెలిసినచోట కలహాలు తక్కువ.

మరొక ప్రమాదం కూడా ఉన్నది. ‘ప్రజలు’ అన్నమాట చాటున ఒక కులమో, ఒక పక్షమో, నలుగురు పెద్దమనుషులో నిర్ణయాన్ని తమ చేతుల్లోకి తీసుకోవచ్చు. పేటలో ఉండేవారిలో అద్దె ఇళ్ళవారు, స్త్రీలు, కాలిబాట వర్తకులు, వలస కూలీలు, ఇతర భాషలవారు కూడా ఉంటారు. సాయంత్రం ఏడు గంటలకు సభ పెడితే వంటింట్లో ఉన్న స్త్రీ రాలేదు. ఉదయం పదింటికి పెడితే కూలివాడు రాలేడు. రానివారి వద్దకు పోయి అడగడం కూడా భాగస్వామ్యంలో అంతర్భాగమే.

చట్టం కల్పించిన అవకాశం

పౌరుల ఈ పాత్రకు మన రాజ్యాంగంలోనే ఆధారం ఉన్నది. 1992లో ఆమోదం పొంది, 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలను 12వ షెడ్యూలులో పేర్కొన్నది. పట్టణ ప్రణాళిక, ఉద్యానవనాలు, ఆటస్థలాలతోపాటు సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల అభివృద్ధి కూడా అందులో చేరి ఉన్నది. నగర సౌందర్యం ధనం మిగిలినప్పుడు చూసుకునే వేడుక కాదని, రోడ్లు, మురుగుకాలువల సరసనే అదీ పురపాలన విషయమని దీని భావం. మూడు లక్షలు, అంతకు మించి జనాభా గల పురపాలక ప్రాంతాలలో వార్డు సంఘాలు ఏర్పరచాలని కూడా ఆ సవరణ నిర్దేశించింది. నగర కళను గూర్చి వీథివారి అభిప్రాయం వినడానికి ఇంతకన్న అనువైన వేదిక లేదు. చాలా నగరాలలో ఈ సంఘాలు కాగితానికే పరిమితమైనవన్నది వేరే విచారం.

రాజధాని నగరానికి సంబంధించి 1973లో చేసిన చట్టం ప్రకారం 1974లో ఢిల్లీ నగర కళా సంఘం ఏర్పడింది. నగర రూపకల్పనలో సౌందర్య ప్రమాణాలను కాపాడడంలో అది ప్రభుత్వానికి సలహాలిస్తుంది. ఇది నిపుణుల సంఘం. నిపుణుల సలహా అవసరమే. కాని శిల్పం బాగున్నదో లేదో నిపుణుడు చెప్పగలడు; ఆ శిల్పం వద్ద కూర్చునే ముసలమ్మకు ఎండ తగులుతుందో లేదో ఆమె చెప్పాలి.

2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా ఇక్కడ స్మరణీయం. బహిరంగ రహదారులు, కాలిబాటలు, తదితర ప్రజోపయోగ స్థలాలలో విగ్రహాల స్థాపనకు గాని, కట్టడాల నిర్మాణానికి గాని అనుమతి ఇవ్వరాదని ఆ ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. రాకపోకలకు అడ్డు తగలకుండా ఉండే స్థలాన్ని వెదకడం ఇప్పుడు విధి. కాలినడకన పోయేవారి ఇబ్బంది ఆ వీథివారికే బాగా తెలుస్తుంది కనుక, స్థలనిర్ణయంలో వారి సాక్ష్యం విలువైనది.

గోడలు మాట్లాడిన పేటలు

ఇటీవలి కాలంలో విగ్రహాలకన్న కుడ్యచిత్రాలు ఎక్కువ ప్రచారం పొందాయి. ఢిల్లీలోని లోధీ కాలనీ 1940 దశకంలో ప్రభుత్వోద్యోగుల కోసం నిర్మించినది. 2015 నుండి స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఆధ్వర్యంలో దేశవిదేశాల చిత్రకారులు ఆ కాలనీ పెద్ద గోడలపై చిత్రాలు వేశారు. హైదరాబాదులో మక్తా ప్రాంతంలోను, చెన్నైలోని కన్నగి నగర్‌లోను అదే విధమైన కృషి జరిగింది. కన్నగి నగర్ ఉదంతం ప్రత్యేకంగా పేర్కొనదగినది. చెన్నైలోని మురికివాడలనుండి తొలగించిన కుటుంబాలను, సునామీ బాధితులను అక్కడికి తరలించారు. ఆ చిరునామా చెబితే పనిలో పెట్టుకోవడానికి జంకే యజమానులు ఉండేవారు. 2020లో అక్కడి ఇళ్ళ గోడలపై నిలువెత్తు చిత్రాలు వెలిశాయి. అక్కడి నివాసుల ముఖాలు కూడా వాటిలో చోటు పొందాయి. నగరం తలతిప్పుకున్న పేటకు నగరవాసులే చూడడానికి రావడం మొదలైంది.

దీనివల్ల మంచినీళ్ళు రాని కుళాయికి నీళ్ళు వచ్చాయని ఎవరూ అనరు. రంగుల వెనుక గోడ పెచ్చులూడుతూ ఉంటే, ఆ రంగు ఆ ఇంటివారిని వెక్కిరించినట్లవుతుంది. కాబట్టి పేటవారితో మాట్లాడేటప్పుడు ‘ఏ బొమ్మ వేయాలి?’ అన్న ప్రశ్నతో ఆరంభించరాదు. ‘ఈ స్థలంలో మీకు ఏమి లోటు?’ అన్నది మొదటి ప్రశ్న కావాలి. దీపం, బల్ల, నీడ, కాలువపై మూత, ఇవి సమకూరినచోట చిత్రానికి శోభ వస్తుంది.

ఆచరణ మార్గం

పై అనుభవాలనుండి ఒక పురపాలక సంఘం అనుసరించదగిన క్రమాన్ని స్థూలంగా చెప్పవచ్చు.

మొదట స్థల పరిశీలన. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఆ కూడలిలో ఎవరు తిరుగుతారో చూసి, అక్కడి దుకాణదారులను, ఆటో నడిపేవారిని, బడిపిల్లలను, వృద్ధులను ప్రశ్నించాలి. ఆ స్థలానికి పాతపేరు ఏమిటో, అక్కడ పూర్వం చెరువు ఉన్నదో, సంత ఉన్నదో తెలుసుకోవాలి. ఈ సమాచారాన్ని కళాకారులకు ముందుగా అందజేయాలి.

రెండవది ఎంపిక సంఘం. అందులో కళానిపుణులు, పురపాలక ఇంజనీరు, వార్డు ప్రతినిధులు, ఆ ప్రాంతపు స్త్రీలు, యువకులు ఉండాలి. సంఘం చేసిన తీర్మానానికి కారణాలను స్థానిక భాషలో ప్రకటించాలి. మన నగరాలలో తెలుగుతోపాటు ఉర్దూ, తమిళం, ఒడియా, హిందీ మాట్లాడేవారున్న పేటలు ఉన్నాయి. వారి భాషలలో కూడా ప్రకటన వెలువడాలి.

మూడవది నమూనా ప్రదర్శన. బల్లపై పెట్టిన అడుగెత్తు మట్టిబొమ్మను చూసి ఇరవై అడుగుల శిల్పాన్ని ఊహించడం సామాన్యులకు కష్టం. వెదురు, గుడ్డ, అట్టలతో అసలు కొలతలకు సరిపోయే ఆకారాన్ని నిర్ణీత స్థలంలో కొన్ని దినాలు నిలిపితే, అది ఎవరి కిటికీకి అడ్డమో, ఏ మలుపులో బస్సు డ్రైవరుకు దారి కనపడకుండా చేస్తుందో తెలిసిపోతుంది. పందిళ్ళు కట్టే పనివారు మన ప్రతి ఊరిలోనూ ఉన్నారు. దీనికయ్యే ఖర్చు స్వల్పం.

నాల్గవది సంరక్షణ. ఆవిష్కరణకు ఉన్న ఉత్సాహం మరుసటి ఏటికి ఉండదు. కంచు విగ్రహాన్ని ఎప్పటికప్పుడు శుభ్రపరచాలి. సముద్రతీర నగరాలలో ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది. నేలనుండి చెమ్మ పైకెక్కే గోడపై వేసిన చిత్రం రెండు వానకాలాలకు మించి నిలవదు. కనుక అంచనాలోనే మరమ్మతు నిధిని వేరుపరచాలి. ఆ నిధి లెక్కలు చూసే బాధ్యత వార్డు సంఘానికి అప్పగిస్తే, విరిగిన వేలు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోదు.

అయిదవది పునఃపరిశీలన. ఏ తరమూ చివరి మాట చెప్పలేదు. కొత్తగా వచ్చి స్థిరపడినవారు, ఇంతకాలం గొంతు లేనివారు తమ మాట చెప్పుకొనడానికి తలుపు తెరిచి ఉండాలి. ఉన్నదానిని తొలగించడం కన్న దాని పక్కన లేనిదానిని చేర్చడం చాలా సందర్భాలలో శ్రేయస్కరం. కొన్ని స్థలాలను తాత్కాలిక ప్రదర్శనలకే కేటాయించినా మేలే. మన ఉత్సవకళ నేర్పిన పాఠమది.

ఇదంతా కాలయాపన అని అధికారులు అనవచ్చు. ఆరుమాసాలలో ముగిసే పనికి ఏడాదిన్నర పట్టవచ్చును. కాని తొందరపడి నిలిపిన విగ్రహానికి తరువాత ఇనుపకంచె, కాపలావాడు, కోర్టు వ్యాజ్యం, కొన్నిచోట్ల నూట నలభైనాలుగో సెక్షను వంటి నిషేధాజ్ఞలు అవసరమైన సందర్భాలు మనం ఎరుగుదుము. ఆ ఖర్చును కూడా లెక్కలో చేర్చితే ఏది చౌకో తేలుతుంది.

విభజనలో ఊరు కోల్పోయిన ఒక రోడ్ల ఇన్‌స్పెక్టరు, ఊళ్ళు కోల్పోయిన ఇతరుల పగిలిన కుండలను ఏరి, కొత్త నగరంలో తనకూ వారికీ ఒక చోటు కల్పించుకున్నాడు. ఆ నగరం దానిని కాదనకుండా అక్కున చేర్చుకున్నది. మన ప్రతి నగరంలోను అటువంటి వలసజీవులు, కళాపిపాసులు, తమ పేట పాతకథలు తెలిసిన వృద్ధులు ఉన్నారు. వారు చాటుగా, రాత్రివేళ, చట్టానికి భయపడుతూ పని చేయవలసిన అవసరం ఉండకూడదు. తదుపరి విగ్రహానికో, కుడ్యచిత్రానికో పురపాలక సంఘం నిధులు మంజూరు చేసే రోజున, శంకుస్థాపన ఫలకం చెక్కించడానికి ముందు ఆ వీథిలో నాలుగు బెంచీలు వేసి, అక్కడివారిని కూర్చోబెట్టి వారి మాట వినడంతో పని ఆరంభం కావాలి.